రామాపురము కడలి సవ్వడి

సముద్రమును చూడవలెనను కోరిక మనలో పెక్కుమందికి కలదు. సముద్రమును వినవలెనను కోరిక గలవారు మాత్రము అరుదు. దూరమునుండి చూచినచో ప్రతి కడలియు నీలముగనే కన్పట్టును. కాని కన్నులు మూసికొని విన్నచో ఒక తీరమునకును మరియొక తీరమునకును పోలికయే యుండదు. అల అన్నిచోట్లను నీటి అలయే. అది వచ్చి తాకు నేల మాత్రము వేరు. బండరాతిపై పడిన అల ఉరుమువలె మ్రోగును. గులకరాళ్లపై పడిన అల గలగల లాడును. మెత్తని యిసుకపై పడిన అల దీర్ఘముగ నిట్టూర్చును. ఈ భేదములో ఎంత యర్థమున్నదో నాకు పుస్తకములవలన కొంతయు, మా మేనల్లునివలన కొంతయు, రామాపురమున ఒక వృద్ధజాలరివలన అధికముగను తెలిసినది.

మా మేనల్లుడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. గులకరాళ్లను ఏరి కూర్చుట వానికొక వేడుక. ఏటియొడ్డునకు పోయినను, కొండ దిగువకు పోయినను వాడు వట్టి చేతులతో తిరిగిరాడు. గుడ్డసంచిలో దాచిన రాళ్లను సాయంకాలమున గచ్చుపై పోసి, ఒకదానితో నొకటి తాకించి, చెవియొగ్గి వినుచుండును. "మామయ్యా, పెద్దరాయి గొంతు వేరు, చిన్నరాయి గొంతు వేరు" అని నాకు వినిపించుచుండును. వాని తల్లి "ఇంటినిండా ఈ రాళ్ళేమిటిరా!" అని విసుగుకొనుచుండును గాని, ఆ సంచిని ఎన్నడును పారవేయలేదు.

ఒకనాడు వాడు ఫోనులో నొక ధ్వనిని నాకు వినిపించెను. మొదట అల విరిగిన చప్పుడు. వెంటనే, వేలకొలది గోళీలను ఏటవాలు బల్లపై దొర్లించినట్లు గలగలమను సవ్వడి. అది క్రమముగ సన్నగిల్లి ఆగిపోవును. మరల అల, మరల గలగల. అది దక్షిణ కొరియా దేశపు తీరమొకదాని పలుకు. ఆ దేశమున గోజే అను ద్వీపము కలదు. ఆ ద్వీపమునందలి హక్‌దోంగ్ తీరమున ఇసుకకు మారుగా నల్లని నునుపైన గులకరాళ్లు పరచుకొనియున్నవి. అల వెనుకకు మరలునపుడు ఆ రాళ్లు దొర్లి పుట్టించు సవ్వడిని ఆ దేశపు పర్యావరణశాఖవారు తమ దేశమున వినదగిన నూరు ప్రకృతిధ్వనులలో నొకటిగా ఎన్నుకొనిరి. జపాను దేశమువారును 1996లో ఇట్లే కాపాడుకొనదగిన నూరు ధ్వనిస్థలములను ఎంచిరి. కోటలను, గుడులను కాపాడుకొనుట మనమెఱిగినదే. ఒక చప్పుడును గూడ జాతిసంపదగా భావించి కాపాడుకొనుట నాకు క్రొత్తగను, మెచ్చదగినదిగను తోచినది.

హక్‌దోంగ్ తీరము 1968లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానములో చేరినది. అచటినుండి ఒక్క రాయినైనను తీసికొనిపోరాదని నిబంధన. 2018లో ఒక అమెరికా బాలిక ఆ తీరమును చూడవచ్చి, ముచ్చటపడి రెండు రాళ్లను తీసికొనిపోయెను. అట్టి రాయి తయారగుటకు ఎంతకాలము పట్టునో తల్లివలన తెలిసికొని, ఆ రెండింటిని క్షమాపణలేఖతో ఉద్యానవనపు అధికారులకు తిరిగి పంపెను. రెండు రాళ్లు పోయినంతమాత్రమున తీరము మూగవోవునా యని మనకు తోచవచ్చును. కాని వచ్చినవారెల్లరును తలకు రెండు రాళ్లు తీసికొనిపోయినచో, కొంతకాలమునకు అల వచ్చును గాని గలగల వినబడదు.

ఈ కథ చెప్పి మా మేనల్లుడు నన్నడిగెను: "మామయ్యా, మన రామాపురం సముద్రం కూడా ఇలాగే పలుకుతుందా?"

రామాపురమున గులకరాళ్లు లేవని నాకు తెలియును. అయినను "లేదు" అని యొక్క మాటతో ముగించుట నాకిష్టము లేకపోయెను. "పోయి విందాము, పద" అంటిని.

మాఘమాసమున ఒక యుదయమున తెనాలిలో రైలెక్కితిమి. బాపట్ల, చీరాల దాటి వేటపాలెమున దిగవలెను. దారిలో వాడు గులకరాళ్ల సంగీతమునకు కారణమడిగెను. నాకు తెలిసినంతవరకు చెప్పితిని. అల ఒడ్డునకు ఎక్కునపుడు రాళ్లను మీదికి నెట్టును. దిగునపుడు వానిని క్రిందికి ఈడ్చును. ఎక్కునపుడు అల చప్పుడే అధికమగుటచే రాళ్ల చప్పుడు అందులో కలిసిపోవును. దిగునపుడు నీరు కొంత రాళ్ల సందులలోనికి ఇంకిపోవును. పైని నీటి చప్పుడు తగ్గును. అప్పుడు దొర్లుచున్న రాళ్లు ఒకదానినొకటి తాకు సవ్వడి స్పష్టముగ వినవచ్చును. రాయి పెద్దదైనచో సవ్వడి మందరముగను, చిన్నదైనచో తారముగను ఉండును. "నా సంచిలో రాళ్ళలాగే!" అని వాడు సంతోషించెను.

వేటపాలెము చిన్న యూరైనను పేరుగన్న యూరు. 1918లో ఇచట స్థాపింపబడిన సారస్వత నికేతనము ఆంధ్రదేశపు పేరెన్నికగన్న గ్రంథాలయములలో నొకటి. దాని భవనమునకు 1929లో మహాత్మాగాంధి శంకుస్థాపన చేసెను. ఆ భవనమును బయటినుండి చూచి, నేతగాండ్ర వీథిలో నడచితిమి. ఒక యింటిలోనుండి గుంటమగ్గము చప్పుడు సమముగ వినవచ్చుచుండెను. వాకిటనుండియే చూచుచు నిలిచితిమి. పేకనూలును మోసికొని నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగిడుచుండెను. ఉన్నట్టుండి నేతగాడు మగ్గమును ఆపి, వంగి, తెగిన పోగును పట్టి ముడివైచెను. "పోగు తెగినట్లు ఎలా తెలిసింది?" అని మావాడడిగెను. ఆయన నవ్వి, "చప్పుడు మారింది బాబూ. కన్ను చూసేలోపల చెవి చెబుతుంది" అనెను. ఆ మాట సాయంకాలమునకు మాకెంత యక్కరకు వచ్చునో ఆ క్షణమున మాకు తెలియదు.

వేటపాలెమునుండి ఆటోలో రామాపురము చేరితిమి. ఊరు దాటగానే సరుగుడు తోటలు ఎదురయ్యెను. ఆ చెట్లకు వెడల్పాటి ఆకులుండవు; సన్నని పచ్చని పుల్లలవంటి రెమ్మలే యుండును. గాలి వానిలో దూరి పోవునపుడు "హో" అను సన్నని మ్రోత పుట్టును. ఆ మ్రోతను విని మావాడు, "సముద్రం వచ్చేసింది" అని పరుగెత్తెను. సముద్రము ఇంకను కొంత దూరమున నుండెను. సరుగుడుతోట తీరమును తలపించు మ్రోత చేయుట తీరవాసులెఱిగినదే.

తోట దాటినంతనే కడలి మా యెదుట నిలిచెను. ఎడమకు చూచినను, కుడికి చూచినను కనుచూపుమేర ఇసుకయే. మా మేనల్లుడు చేతిసంచిని పట్టుకొని ఒడ్డువెంబడి చాలదూరము వెదకెను. వానికి చిన్న గవ్వలు, ఆల్చిప్పలు, ఎండ్రకాయల బొరియలు కన్పడెను గాని గులకరాయి ఒక్కటియు కన్పడలేదు. చిన్నబోయిన మొగముతో తిరిగివచ్చి, "ఇంత సముద్రం పెట్టుకొని ఒక్క రాయి లేదేమిటి మామయ్యా?" అనెను.

దానికి సమాధానము ఈ దేశపు నేలలోనే యున్నది. గులకరాళ్ల తీరము ఏర్పడవలెనన్న కొండగాని, బండగాని సముద్రమునకు చేరువగ నుండవలెను. విశాఖపట్టణ ప్రాంతమున తూర్పుకనుమలు కడలివరకు వచ్చినవి. కావున అచటి తీరమున రాళ్లు అగపడును. మంగమారిపేటవద్ద సముద్రము మలచిన రాతితోరణము సుప్రసిద్ధము. రామాపురమో కృష్ణా డెల్టాకు ప్రక్కగానున్న పల్లపు తీరము. ఇచటికి కొండలు దూరము. కృష్ణానది మహాబలేశ్వరముచెంత పుట్టి, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి కడలిలో కలియుచున్నది. అంత దూరము దొర్లివచ్చిన రాయి రాయిగా నిలువదు. ఒరసికొని, పగిలి, నలిగి, తుదకు ఇసుకయు మెత్తని ఒండ్రుమట్టియు నగును. నదులు తెచ్చిపోసిన యిసుకను అలలు, ప్రవాహములు తీరమువెంబడి పరచినవి. "అయితే ఈ ఇసుక అంతా ముసలి రాళ్ళన్నమాట!" అని వాడనెను. ఆ మాట నాకెంతయో నచ్చినది.

ఒడ్డున బోర్లించిన పడవ నీడలో ఒక వృద్ధజాలరి వలను బాగుచేసికొనుచుండెను. మా మాటలు ఆయన చెవిని బడినవి. తల యెత్తి మావాని సంచిని చూచి, "ఏం ఏరుకుంటున్నావు అబ్బాయ్?" అని యడిగెను. వాడు కొరియా తీరపు ముచ్చటయంతయు చెప్పి, ఫోనులోని ధ్వనిని వినిపించెను. వృద్ధుడు చేతిలోని వలను ప్రక్కకు పెట్టి, చాల శ్రద్ధగా రెండుమారులు వినెను.

"బాగుంది. ఆ సముద్రం పాడుతోంది. మా సముద్రం పాడదు, మాట్లాడుతుంది. వింటావా?" అనెను.

ఆయన మావానిని నీటి యంచున నిలిపి కన్నులు మూసికొనుమనెను. నేనును మూసికొంటిని. మొదట అంతయు ఒక్కటే హోరుగా నుండెను. కొంతసేపటికి ఆ హోరు దారములు విడిపోయినట్లు వేరువేరుగా వినబడసాగెను. "దూరంగా బరువైన చప్పుడు వినబడుతోందా? అక్కడ నీళ్ళ కింద ఇసుకమేట ఉంది. దానిమీద అల మొదటిసారి విరుగుతుంది. తర్వాత దగ్గరలో ఇంకోసారి విరుగుతుంది. ఆఖరికి కాళ్ళ దగ్గర నురగ చప్పుడు" అని వృద్ధుడు చెప్పెను. వినగా, మూడును తెలిసెను. నురుగు విచ్చిపోవునపుడు నూనెలో తాలింపు వేసినట్లు సన్నని చిటపట వినవచ్చెను. నీరు వెనుకకు మరలునపుడు, గవ్వలును ఆల్చిప్పముక్కలును ఒరసికొని అతిసన్నని గలగల చేయుచుండెను. "మామయ్యా, గులకరాళ్ళు ఉన్నాయి! ఇవే మన గులకరాళ్ళు" అని మావాడు కన్నులు మూసికొనియే పలికెను.

ఇసుకరేణువులు ఒకదానినొకటి తాకినను మనకు వినబడునంత చప్పుడు కాదు. మరి ఇసుకతీరమున ఇంత మ్రోత యెక్కడిది? అలలో చిక్కుకొనిన గాలిబుడగలదే అందులో పెద్దపాలు. మార్సెల్ మిన్నర్ట్ అను శాస్త్రజ్ఞుడు 1933లో నీటిలోని గాలిబుడగ గంటవలె కంపించి మ్రోగునని లెక్కకట్టి చూపెను. బుడగ ఎంత చిన్నదో స్వరమంత హెచ్చు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధముగల బుడగ సెకనునకు మూడువేలకు పైగా కంపించును. మూడు మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల బుడగ సుమారు వేయి కంపనములు చేయును. అల విరుగునపుడు పెద్దవి, చిన్నవి లెక్కలేనన్ని బుడగలు ఒక్కమారు పుట్టును. వాని మ్రోతయే మనము వినునది. ఇందువలన ఒక సత్యము తేలుచున్నది. అల విరిగినచోటనే బుడగలు, బుడగలున్నచోటనే మ్రోత. అల విరుగనిచోట సముద్రము మౌనముగ నుండును.

"ఈ చప్పుళ్ళు తెలిసి ఉండటం వల్ల మీకేమిటి ఉపయోగం పెద్దయ్యా?" అని నేనడిగితిని.

"చీకట్లో పడవ తిరిగివచ్చేటప్పుడు కళ్ళు పనిచేయవు బాబూ. అల ఎక్కడ విరుగుతోందో చెవే చెప్పాలి. ఒడ్డు ఎంత దూరమో, మేట ఎక్కడుందో, పడవను ఏ సందులోంచి తేవాలో చప్పుడును బట్టే మా పెద్దలు నేర్పారు. ఇప్పుడు మరపడవలు వచ్చాయి, దారి చూపే యంత్రాలు వచ్చాయి. అయినా ఒడ్డు దగ్గరకు వచ్చాక నేను మర ఆపించి ఒక్క క్షణం వింటాను" అని ఆయన చెప్పెను.

అప్పుడు నాకు ఇంగ్లండు దేశపు చెసిల్ తీరము జ్ఞప్తికి వచ్చినది. దాదాపు 29 కిలోమీటర్ల పొడవున సాగిన గులకరాళ్ల గట్టు అది. పడమటికొననున్న రాళ్లు బఠాణీగింజలంత; తూర్పునకు పోనుపోను పెద్దవై, తుదకు గుప్పిటకు నిండునంత యగును. చీకటిలో అచట ఒడ్డుచేరిన పడవవారు చేతితో రాతిని తడవి, దాని పరిమాణమునుబట్టి తామెక్కడ దిగిరో తెలిసికొనుచుండిరని ప్రతీతి. ఈ సంగతి వృద్ధునకు చెప్పితిని. ఆయన తల పంకించి, "వాళ్ళకు చేతికి అందే గుర్తు ఇచ్చాడు దేవుడు. మాకు చెవికి అందే గుర్తు ఇచ్చాడు" అనెను.

తరువాత ఆయన మమ్ము ఒడ్డువెంబడి నడిపించెను. నూరడుగులు నడచుసరికి చప్పుడు తగ్గినట్లు నాకు తోచినది. మావాడు నాకంటె ముందే గ్రహించి నిలిచిపోయెను. "తాతా, ఇక్కడ సముద్రం నిద్రపోతున్నట్టుంది" అనెను. చూడగా, ఇరుప్రక్కల అలలు తెల్లగ విరుగుచున్నవి. నడుమ కొలదిమేర మాత్రము నీరు ముదురురంగులో, నెమ్మదిగ కన్పట్టుచున్నది. పైని నురుగుతునకలు ఒడ్డునకు రాక, లోనికి సాగిపోవుచున్నవి.

వృద్ధుని మొగమున నవ్వు మాయమయ్యెను. "నిద్ర కాదు నాయనా. అటూ ఇటూ ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళే బాట అది. అక్కడ లోతు. అందుకే అల విరగదు, చప్పుడు ఉండదు. కొత్తవాళ్ళు భయపెట్టే చప్పుడున్న చోటు వదిలి, నెమ్మదిగా ఉందని ఇక్కడే దిగుతారు. ఈ సముద్రంలో చప్పుడుకు కాదు, చప్పుడు లేనిచోటుకు భయపడాలి."

ఆయన మాట ముగియకముందే కొందరు యువకులు అచటికి వచ్చిరి. ఇరువదియేండ్లలోపు వారు, విహారమునకై దూరమునుండి వచ్చినవారు. వారి వాహనమునుండి పాటలు ఆకాశమంటుచుండెను. ఆ పాటల హోరులో కడలి హోరు మాకును వినబడలేదు. వారు నవ్వుచు, త్రుళ్లుచు సరిగా ఆ నిశ్శబ్దపు బాటలోనికే దిగిరి. వృద్ధుడు చేతులెత్తి కేకలు వేసెను. పాటల చప్పుడులో వారికి వినబడలేదు. "ఆ పాట ఆపించండి బాబూ!" అని ఆయన నన్ను తొందరపెట్టి, తాను పడవవైపు పరుగెత్తెను. నేను పోయి పాటను ఆపించితిని.

ఆ లోపల మోకాటిలోతున నున్నవారిలో నొకడు నడుములోతునకు, అటనుండి కంఠములోతునకు చూచుచుండగనే జరిగిపోయెను. తక్కినవారు భీతిల్లి వెనుకకు వచ్చిరి. వాడు ఒడ్డువైపు తిరిగి శక్తికొలది ఎదురీదుచుండెను. ఈదినకొలది వెనుకకే పోవుచుండెను. మిత్రుడొకడు వానిని పట్టుటకై నీటిలో దుముకబోగా, మా మేనల్లుడు వాని చేయి గట్టిగ పట్టుకొని విడువలేదు. ఇంతలో వృద్ధుడు త్రాటికి కట్టిన ఖాళీ డబ్బాతో వచ్చెను. "ఎదురీదకు! తేలు! పక్కకు రా, పక్కకు!" అని ఆయన అరచిన అరపు, పాట ఆగియుండుటచే, ఆ యువకుని చెవిని బడెను. వాడు ఎదురీదుట మానెను, వెల్లకిల తేలెను, పిమ్మట తీరమునకు సమముగ, అల విరుగుచున్న వైపునకు మెల్లగ చేతులాడించెను. డబ్బా రెండవమారు విసరగా వానికందెను. అల విరుగుచోటికి చేరినంతనే ఆ యలయే వానిని ఒడ్డునకు నెట్టెను. ఇసుకపై పడి వాడు దగ్గుచు, వణకుచు చాలసేపు మాటాడలేకపోయెను.

ప్రతిసారియు ఇట్లే జరుగదు. 2024 జూన్ మాసమున ఇదే రామాపురము తీరమున ఒక్కనాడే నలుగురు యువకులు మునిగి మరణించిరి. ఉదయమున నవ్వుచు ఇల్లు వెడలినవారు మరల రాలేదు. ఆ యిండ్లలోని తల్లిదండ్రుల దుఃఖమును తలంచుకొనినచో ఈ విషయము ప్రతి విద్యార్థికిని ఎందుకు తెలిసియుండవలెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందలి శాస్త్రము సులభమైనది. అలలు మేటమీదుగ ఒడ్డువైపునకు నీటిని తెచ్చి పోయుచుండును. ఆ నీరు మరల కడలికి పోవలెను గదా! అది మేటలోని గండ్లను వెదకికొని, ఇరుకైన కాలువవలె వేగముగ బయటికి పారును. ఆ వేగము ఒక్కొక్కప్పుడు సెకనునకు రెండు మీటర్లను మించును. ఆరితేరిన ఈతగాడైనను దానికి ఎక్కువసేపు ఎదురీదజాలడు. ఈ ప్రవాహము మనుష్యుని క్రిందికి లాగదు. బయటికి మాత్రమే కొనిపోవును. వానిని ముంచునవి అలసటయు, భయమును. కావున అందు చిక్కినవాడు బెదరక తేలుచుండవలెను. చేయెత్తి సాయము కోరవలెను. ప్రవాహము ఇరుకైనది గనుక తీరమునకు సమముగ ప్రక్కకు ఈదినచో దానినుండి బయటపడవచ్చును. ఒడ్డుననున్నవారు తాము దుముకక, త్రాడుగాని, తేలు వస్తువుగాని విసరవలెను. ఇసుకమేటలు నిలుకడగ నుండవు. అలలు వానిని కదలించుచుండును. నిన్న క్షేమమైనచోటు నేడు క్షేమము కాకపోవచ్చును. కావుననే అచటి జాలరులను, కావలివారిని అడుగక నీట దిగరాదు.

ఆ యువకులు తేరుకొనిన పిదప వృద్ధుని పాదములకు మ్రొక్కబోయిరి. ఆయన వారింపజేసి, "నాకు మొక్కడం ఎందుకు? ఇంకెప్పుడైనా సముద్రానికి వస్తే మీ పాట కాసేపు ఆపి, దాని మాట వినండి. అంతే చాలు" అనెను. వానిలో నొకడు వాహనమువద్దకు పోయి, ఆ పాటల పెట్టెను తీసి లోపల పెట్టెను. తరువాత వారందరును ఇసుకపై కూర్చుండిరి. చాలసేపటివరకు ఎవరును మాటాడలేదు. కడలి మాత్రము మాటాడుచునేయుండెను.

నేనా దినమున గ్రహించినది ఇది. గులకరాళ్ల తీరపు సవ్వడి మనోహరము. దానిని కాపాడుకొనువారు ధన్యులు. మన యిసుకతీరమునకు ఆ సంగీతము లేదు. అంతమాత్రమున అది మూగది కాదు. దాని చప్పుడు మేట యెచ్చటనో చెప్పును. దాని మౌనము లోతెచ్చటనో చెప్పును. జాలరులు తరతరములుగ ఆ పలుకును నేర్చి బ్రదుకుచున్నారు. మనము ఒక్క దినపు అతిథులము. ఆ పలుకును మనమంతగా నేర్వలేము. వినుటకు చెవి నొసగుట మాత్రము మన చేతిలోనిదే. మన పాటల హోరుతో ఆ పలుకును కప్పివేసినచో, కొరియా తీరమున రాళ్లు తీసికొనిపోయినవారికంటె మనము చేయునది ఎక్కువ చెరుపు. అచట పోవునది సంగీతము. ఇచట పోవునది ప్రాణము.

కావున విద్యార్థులారా! మీలో ఎందరో సూర్యలంకకో, వాడరేవునకో, రామాపురమునకో, మచిలీపట్టణమునకో విహారయాత్ర పోవుదురు. తీరము చేరినంతనే నీటిలోనికి పరుగెత్తకుడు. ఒక పావుగంట ఒడ్డున నిలువుడు. మీ వాద్యములను ఆపి, కన్నులు మూసికొని వినుడు. పిమ్మట ఒడ్డువెంబడి నడచుచు వినుడు. అల ఎచట విరుగుచున్నది? ఎచట ఊరకున్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినపిదపనే, పెద్దల అనుమతితో, మోకాటిలోతు మించకుండ నీట పాదము మోపుడు. గవ్వలను చూడుడు, లెక్కింపుడు, వాని సన్నని గలగల వినుడు. వానిని అచటనే యుంచుడు. మీ తరువాత వచ్చు బాలుడును ఆ సవ్వడిని వినవలసియున్నది.